గాలి ఆగిందా? తిరిగిందా?

ఒక గ్రాఫు కాగితం, ఒక పెన్సిలు, ఒక రబ్బరు దగ్గర పెట్టుకోండి. ఈ వ్యాసం ఊరికే చదివితే సగమే అర్థమవుతుంది. గీస్తూ చదివితే మొత్తం మీ సొంతమవుతుంది.

బాపట్ల జిల్లా నిజాంపట్నం మండలంలో అడవులదీవి అనే ఊరుంది. 2022 వరకు అది గుంటూరు జిల్లాలో ఉండేది. పేరులోనే అడవీ ఉంది, దీవీ ఉంది. కృష్ణా డెల్టా సముద్రానికి తాకే చోటు అది. కొద్ది దూరంలో మడ అడవులు, ఉప్పునీటి పాయలు, వాటికి అవతల బంగాళాఖాతం. అక్కడివాళ్లకు తుపాను కొత్త కాదు. 1977 నవంబరు 19న పెనుతుపాను తీరం దాటింది నిజాంపట్నం దగ్గరే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే.

ఆ తీరం మీద నిలబడి రెండు ప్రశ్నలు వేసుకుందాం.

మొదటి ప్రశ్న: తుపాను హోరెత్తుతున్నది. ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. ఆకు కదలడం లేదు. తుపాను వెళ్లిపోయినట్టేనా?

రెండో ప్రశ్న: తుపాను కేంద్రానికి తూర్పున 20 కిలోమీటర్లలో ఒక ఊరు, పడమట 20 కిలోమీటర్లలో మరొక ఊరు. రెండూ సముద్రపు ఒడ్డునే ఉన్నాయి. రెండు ఊళ్లలోనూ గాలి వేగం ఇంచుమించు ఒకటే. కాని ఉప్పెన ముంచేది తూర్పు ఊరినే. ఎందుకని?

ఈ రెండు ప్రశ్నలకూ జవాబు మీ లెక్కల పుస్తకంలోనే ఉంది. ఒక సంఖ్యకు అటొకటి ఇటొకటి నిలువుగీతలు గీసి 'పరమ మూల్యం' అంటారే, అక్కడ ఉంది.

దూరానికి గుర్తు లేదు

అడవులదీవిలో తూర్పు పడమరలుగా తిన్నగా పోయే రోడ్డు ఒకటి ఉందనుకోండి. మీరు రోడ్డు మధ్యలో నిలబడ్డారు. ఆ చోటును సున్నా అందాం. తూర్పు వైపు కిలోమీటర్లు ధన సంఖ్యలు, పడమటి వైపువి రుణ సంఖ్యలు. మీ స్నేహితుడి ఇల్లు −3 దగ్గర ఉంది. అక్కడికి ఎంత దూరం నడవాలి? మూడు కిలోమీటర్లు. 'రుణ మూడు కిలోమీటర్లు నడిచాను' అని ఎవరూ అనరు కదా!

చోటును 'ద' అని రాస్తే, దాని దూరాన్ని |ద| అని రాస్తాం. |3| = 3, |−3| కూడా 3. ఈ నిలువుగీతల గుర్తును 1841లో వాడినవాడు జర్మన్ గణితవేత్త కార్ల్ వయర్‌స్ట్రాస్.

గ్రాఫు గీద్దాం. అడ్డ అక్షం మీద ద, నిలువు అక్షం మీద |ద|. ద విలువలు −3, −2, −1, 0, 1, 2, 3 అయితే |ద| విలువలు వరసగా 3, 2, 1, 0, 1, 2, 3. చుక్కలు కలిపితే నిలబెట్టిన గరాటులాంటి ఆకారం వస్తుంది. దాని కొస సరిగ్గా మూలబిందువు దగ్గర. అక్కడ గీత వంపు తిరగదు, సూదిగా విరుగుతుంది. ఆ సూదికొనను గుర్తుంచుకోండి. మళ్లీ దానితో పని ఉంది.

తుపానుకో గ్రాఫు

భూమధ్యరేఖకు ఉత్తరాన తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురుదిక్కుగా సుడి తిరుగుతుంది. మన తీరానికి సముద్రం దక్షిణాన ఉందనుకుని, తుపాను కేంద్రాన్ని తీరం మీద సున్నా దగ్గర పెట్టండి. పెన్సిలుతో ఎదురుదిక్కుగా సుడి గీసి చూడండి. కేంద్రానికి తూర్పున గాలి సముద్రం మీంచి నేల మీదికి వస్తుంది. పడమటన నేల మీంచి సముద్రం మీదికి పోతుంది.

సముద్రం నుంచి నేల మీదికి వచ్చే గాలిని ధనం అందాం. నేల మీంచి సముద్రానికి పోయేదాన్ని రుణం అందాం.

ఇక ఎంత గాలి? సరిగ్గా కేంద్రంలో గాలి లేదు. అక్కడి నుంచి జరిగేకొద్దీ పెరుగుతుంది. ఒక దూరంలో పరాకాష్ఠ చేరుకుని, ఆ తర్వాత తగ్గుతుంది. సుడులకు ఇలాంటి సులువైన నమూనా ఒకటి 19వ శతాబ్దపు స్కాట్లండు ఇంజనీరు విలియం రాంకిన్ పేరుతో ఉంది. లోపల దూరానికి అనులోమంగా పెరగడం, బయట విలోమంగా తగ్గడం, అంతే.

మన లెక్క కోసం ఒక ఊహా తుపానును తీసుకుందాం. 30 కిలోమీటర్ల వరకు గాలి = 6ద. ఆ పైన 5400 ÷ ద. ఈ ప్రమేయాన్ని ప్ర(ద) అని పిలుద్దాం. గాలి గంటకు ఇన్ని కిలోమీటర్లు అని లెక్క.

ద = −90 అయితే ప్ర(ద) = −60
ద = −60 అయితే −90
ద = −30 అయితే −180
ద = −10 అయితే −60
ద = 0 అయితే 0
ద = 10 అయితే 60
ద = 30 అయితే 180
ద = 60 అయితే 90
ద = 90 అయితే 60

గీయండి. కుడివైపు ఒక కొండ, ఎడమవైపు అడ్డ అక్షానికి కింద ఒక గొయ్యి. మధ్యలో గీత సున్నా గుండా తిన్నగా, ఎక్కడా ఆగకుండా దూసుకుపోతుంది.

గీతలు బయట ఉంటే: కాగితం మడత

వాతావరణ కేంద్రంలో గాలి వేగం కొలిచే ఎనిమోమీటరును మీరు బొమ్మలోనైనా చూసి ఉంటారు. కర్ర మీద మూడో నాలుగో గిన్నెలు గిర్రున తిరుగుతుంటాయి. గాలి ఎటు నుంచి వచ్చినా అవి ఒకేవైపు తిరుగుతాయి. వేగం మాత్రమే చెబుతాయి. దిక్కు చెప్పడానికి పక్కనే వేరే బాణం ఉంటుంది.

అంటే ఎనిమోమీటరు ప్ర(ద)ను చూపించదు. |ప్ర(ద)|ను చూపిస్తుంది. ఆ గిన్నెలే రెండు నిలువుగీతలన్న మాట!

|ప్ర(ద)| గ్రాఫు గీయడానికి మళ్లీ పట్టిక వెయ్యనక్కర్లేదు. అడ్డ అక్షానికి పైన ఉన్న భాగాన్ని అలాగే ఉంచండి. కింద ఉన్న భాగాన్ని, కాగితం అక్షం వెంబడి మడిచినట్టు, పైకి తిప్పండి. ఎడమ గొయ్యి కొండైపోయింది. ఇప్పుడు రెండు కొండలు, మధ్యలో ఒక లోయ. లోయ అడుగున సూదికొన.

ఆ సూదికొన ఎక్కడిది? అసలు గీత తిన్నగా సున్నాను దాటిపోయిన చోటు అది. మడవడం వల్ల విరిగింది. గుర్తుంచుకోండి: గీతలు బయట ఉన్న గ్రాఫులో సూదికొన అడ్డ అక్షాన్ని తాకుతూ కనిపిస్తే, అసలు ప్రమేయం అక్కడ గుర్తు మార్చుకుని ఉండవచ్చు.

ఇదే గ్రాఫును కాలానికి కూడా వాడుకుందాం. ఆ తుపాను గంటకు 20 కిలోమీటర్ల చొప్పున ఉత్తరానికి కదులుతూ, కేంద్రం సరిగ్గా మీ ఇంటి మీదుగా పోతోందనుకోండి. 30 కిలోమీటర్లకు గంటన్నర పడుతుంది. కేంద్రం రావడానికి గంటన్నర ముందు గాలి తూర్పు నుంచి 180. కేంద్రం వచ్చినప్పుడు సున్నా. మరో గంటన్నరకు మళ్లీ 180, ఈసారి పడమర నుంచి! తూర్పు గాలిని రుణం, పడమటి గాలిని ధనం అనుకుంటే అచ్చం మన ప్ర(ద) ఆకారమే వస్తుంది.

మొదటి ప్రశ్నకు జవాబు ఇదే. గాలి ఆగలేదు, తిరిగింది. వేగం మాత్రమే చూసినవాడికి లోయ కనిపించి 'అయిపోయింది' అనిపిస్తుంది. గుర్తుతో సహా చూసినవాడికి గీత రుణం నుంచి ధనంలోకి పోతూ సున్నా మీద ఒక్క అడుగు వేసిందని తెలుస్తుంది.

ఈ ప్రశాంతమైన నడిమి భాగాన్నే తుపాను కన్ను అంటారు. నిజం తుపానులో లోయ అడుగు మన సూదికొనలా సన్నగా ఉండదు, ఇంకా వెడల్పుగా ఉంటుంది. ఆకాశం కూడా కాస్త తేటపడవచ్చు. పైకప్పు సర్దుదామని, గొడ్లను వెతుకుదామని జనం బయటికి వచ్చేది అప్పుడే. అంతవరకు గాలికి అడ్డున్న గోడే ఈసారి గాలికి ఎదురవుతుంది. అందుకే, గాలి నిలిచిపోయినా సరే, అధికారులు చెప్పేదాకా ఆశ్రయం వదలకూడదు.

మరొక సంగతి. మడిచిన గ్రాఫును తిరిగి విప్పలేం. రెండు కొండలు చూపించి 'అసలు ప్రమేయం ఏది?' అని అడిగితే ఎలా చెబుతారు? ఎడమది రుణం కావచ్చు, కుడిది రుణం కావచ్చు, రెండూ ధనమే కావచ్చు. నిలువుగీతలు మింగిన గుర్తును అవి తిరిగి ఇవ్వవు.

గీతలు లోపల ఉంటే: అద్దం

ఇప్పుడు గీతలను బయటి నుంచి లోపలికి జరుపుదాం: ప్ర(|ద|).

ద = −30 ఇస్తే ఏమవుతుంది? ప్రమేయం దాకా చేరకముందే −30 కాస్తా 30 అవుతుంది. ప్రమేయానికి కనబడేది 30 ఒక్కటే. కాబట్టి −30 దగ్గర ఎత్తు, 30 దగ్గరి ఎత్తే. అంటే ఎడమవైపు అసలు బొమ్మ ఎలా ఉన్నా అక్కర్లేదు. దాన్ని రబ్బరుతో చెరిపేయండి. నిలువు అక్షం దగ్గర అద్దం నిలబెట్టి, కుడివైపు బొమ్మ ప్రతిబింబాన్ని ఎడమవైపు గీయండి.

మన తుపానుకు ఇలా చేస్తే ఏం వచ్చింది? మళ్లీ అవే రెండు కొండలు! గీతలు బయట ఉన్నా లోపల ఉన్నా ఒకటేనా?

తొందరపడకండి. మన ప్ర(ద) బేసి ప్రమేయం: ఎడమన ఉన్నది కుడివైపున్న దానికి సరిగ్గా రుణం. పైగా కుడివైపు ఎక్కడా సున్నాకు కిందికి పోదు. ఈ రెండూ కుదరబట్టి రెండు బొమ్మలూ కలిశాయి. వేరే ప్రమేయం తీసుకుంటే తేడా బయటపడుతుంది. ద − 2 తీసుకోండి, గీత ఒక్కటే.

గీతలు బయట: |ద − 2|. గరాటు కొస అడ్డ అక్షం మీద 2 దగ్గర.
గీతలు లోపల: |ద| − 2. గరాటు కొస నిలువు అక్షం మీద −2 దగ్గర, అక్షానికి కింద.

ద = −5 పెట్టి చూడండి. మొదటిది 7, రెండోది 3. గీతల చోటు మారితే లెక్కే మారింది.

రెండు ఆశ్రయాలు

ఆ |ద − 2|కి అర్థం ఏమిటో గమనించారా? రోడ్డు మీద 2 దగ్గర ఒక తుపాను ఆశ్రయ భవనం ఉందనుకుంటే, మీ ఇంటి నుంచి దానికి ఉన్న దూరం అది.

ఇప్పుడు రెండు భవనాలు, ఒకటి 2 దగ్గర, ఒకటి −2 దగ్గర. తుపాను వస్తే దగ్గరున్న దానికే కదా పరుగెత్తుతాం? దగ్గరి భవనానికి దూరం ఎంత? లెక్క ఇలా ఉంటుంది: ||ద| − 2|.

చూడగానే భయపడకండి. లోపలి నుంచి బయటికి, ఒక్కో అడుగే వెయ్యండి.

మొదటి అడుగు: |ద|. మూలబిందువు దగ్గర గరాటు.
రెండో అడుగు: 2 తీసెయ్యడం. గరాటు మొత్తం రెండు గడులు కిందికి దిగింది. కొస అక్షానికి కింద, −2 ఎత్తులో.
మూడో అడుగు: బయటి గీతలు. అక్షానికి కింద ఉన్న కొసను పైకి మడవండి.

పక్కపక్కన రెండు లోయలు, మధ్యలో ఒక శిఖరం. లోయలు భవనాలున్న 2, −2 దగ్గర. శిఖరం ఎత్తు 2, సున్నా దగ్గర. అంటే సరిగ్గా మధ్యలో ఉన్నవాడు ఎటు పోయినా రెండు కిలోమీటర్లు నడవాలి. రోడ్డు −5 నుంచి 5 వరకు ఉంటే, చివరి ఇళ్లవాళ్లు మూడేసి కిలోమీటర్లు నడవాలి. మరో భవనం కడితే ఎక్కడ కట్టాలో ఈ బొమ్మే చెబుతుంది: ఎత్తు ఎక్కువున్న చోట.

ముందేది? తర్వాతేది?

ఇక తుపాను దగ్గరికి తిరిగి వద్దాం. ఇంతవరకు తీరం గ్రాఫులో తుపాను నిలిచి తిరుగుతున్నట్టు గీశాం. నిజానికి అది నేల మీదికి నడుస్తూ తిరుగుతుంది. గంటకు 20 కిలోమీటర్ల చొప్పున నేల మీదికి వస్తోందంటే, ఆ నడక గాలికి కూడా తోడవుతుంది. సముద్రం నుంచి నేల మీదికి అంటే ధనం. కాబట్టి కేంద్రం చుట్టుపక్కల ప్రతిచోటా ఉజ్జాయింపుగా 20 కలపాలి: ప్ర(ద) + 20. గ్రాఫు మొత్తం 20 పైకి జరుగుతుంది. 30 దగ్గర 180 కాస్తా 200 అయింది. −30 దగ్గర −180 కాస్తా −160 అయింది.

ఇప్పుడు ఎనిమోమీటరు ఏం చూపుతుంది? మడవండి: |ప్ర(ద) + 20|. కుడి కొండ 200, ఎడమ కొండ 160. కొండలు సమానం కావు! సూదికొన కూడా సున్నా దగ్గర లేదు. 6ద + 20 = 0 కావాలంటే ద = −3⅓. గాలి లేని చోటు కేంద్రం నుంచి మూడు కిలోమీటర్ల పైచిలుకు పడమటికి జరిగింది.

ఒక విద్యార్థి తొందరపడి ముందు మడిచి, తర్వాత 20 కలిపాడనుకోండి. |ప్ర(ద)| + 20. రెండు కొండలూ 200 అయ్యాయి. పడమటి ఊరికి లేని గాలిని అంటగట్టాడు! గీతల లోపల కలపడం వేరు, బయట కలపడం వేరు. లోపల ఏ పని ఉందో అది ముందు, బయట ఏది ఉందో అది తర్వాత. ఈ ఒక్క నియమం పాటిస్తే ఎన్ని గీతలున్న గ్రాఫయినా తప్పకుండా గీయగలరు.

1977

ఇప్పుడు పటం తెరవండి. నిజాంపట్నాన్ని సున్నా అనుకుంటే బాపట్ల పడమటన తిన్నగా సుమారు 20 కిలోమీటర్లు. తూర్పు వైపు కృష్ణానది దాటి సుమారు 30 కిలోమీటర్లలో అవనిగడ్డ. దాని చుట్టూ ఉన్నది దివిసీమ, కృష్ణ రెండు పాయల మధ్య పల్లపు నేల.

మన గ్రాఫులో బాపట్ల రుణం వైపు ఉంది. గాలి ఎంత బలంగా వీచినా నీటిని ఒడ్డు నుంచి లోపలికి నెట్టే వైపు అది. దివిసీమ ధనం వైపు ఉంది. అక్కడ గాలి సముద్రాన్ని నేల మీదికి నెడుతుంది. తీరం దగ్గర సముద్రం లోతు తక్కువ కావడంతో నెట్టిన నీరు కిందికి పోలేక పైకి లేస్తుంది. దానికి తోడు తుపాను నడక కూడా ఆ వైపు గాలికే బలం చేకూర్చింది. ఆనాడు ఉప్పెన సుమారు 5 మీటర్ల ఎత్తున లేచింది. మరణించినవారు దాదాపు 10,000 మంది. వారిలో అత్యధికులు దివిసీమవారే. అందుకే ఈనాటికీ దాన్ని దివిసీమ ఉప్పెన అనే పిలుస్తారు. మీ ఇంట్లో తాతయ్యనో అమ్మమ్మనో అడగండి, చెబుతారు.

రెండో ప్రశ్నకు జవాబు దొరికింది కదూ? తూర్పు ఊరికీ పడమటి ఊరికీ వేగం ఇంచుమించు ఒకటే, గుర్తు వేరు. |120| = |−120| అని లెక్కల పరీక్షలో రాస్తే పూర్తి మార్కులు వస్తాయి. ఒడ్డున ఉన్నవాడికి మాత్రం ఆ రెండూ ఒకటి కావు.

అలాగని పరమ మూల్యం పనికిమాలినదని కాదు. ఇంటి పైకప్పు ఎంత గాలికి నిలుస్తుందో లెక్కవేసే ఇంజనీరుకు వేగమే ప్రధానం, ఎందుకంటే గాలి ఏ వైపు నుంచైనా రావచ్చు. ఆశ్రయానికి ఎంత దూరమో చూసేవాడికి దూరమే కావాలి. నిలువుగీతలు వేసే ముందు ఒక్క మాట అడగండి: ఈ గుర్తుతో నాకు ఇంకా పని ఉందా? పని ఉంటే అప్పుడే చెరపకండి.

మీరే గీయండి

1. ||ద − 3| − 1| గ్రాఫు గీయండి. ఆశ్రయ భవనాలు ఎక్కడెక్కడ ఉన్నట్టు?
2. ద² − 4 తీసుకోండి. గీతలు బయట వేసి ఒకటి, లోపల వేసి ఒకటి గీయండి. రెండింటిలో ఏది అసలు బొమ్మలాగే ఉంది? ఎందుకు?
3. |||ద| − 2| − 1| గీయండి. దీనికి ఎన్ని లోయలు?

జవాబులు: 1. 2 దగ్గర ఒకటి, 4 దగ్గర ఒకటి. 2. గీతలు లోపల వేసినది. ద² − 4 సరి ప్రమేయం, దాని ఎడమ సగం ముందే కుడి సగానికి ప్రతిబింబం. 3. నాలుగు: −3, −1, 1, 3. ఇప్పుడు −5 నుంచి 5 వరకు ఉన్న రోడ్డు మీద ఎవరూ రెండు కిలోమీటర్లకు మించి నడవనక్కర్లేదు. సరి చూసుకోండి.